కృతజ్ఞతకును ఒక ఋతువు కలదు

మీ ఇంటి పోపులపెట్టెలోనో, మందుల అలమారలోనో రెండు మూడు కరక్కాయలు ఉండియే తీరును. పిల్లవానికి దగ్గు పట్టినప్పుడు అమ్మమ్మ ఒక కాయను చితుకగొట్టి, లోని గింజ పారవేసి, పెచ్చు ముక్కను ఉప్పుకల్లుతో కలిపి బుగ్గన పెట్టుకొమ్మనును. ఆ కాయను మీరు పచారీ దుకాణమున కొన్నారు. దుకాణదారు టోకు వర్తకుని వద్ద కొన్నాడు. అంతకు ముందు అది ఏ కొండవాలున ఉన్నది, ఏ మాసమున రాలినది, ఎవరి చేతులు దానిని ఏరి ఎండబెట్టినవి అని ఎప్పుడైనను తలచితిరా? నింద వేయుటకు అడుగుట లేదు. నలుబది ఏండ్లు ఆ కాయలతోనే వైద్యము చేసి కుటుంబమును పోషించుకొన్న నేనే ఈ ప్రశ్నను చాల ఆలస్యముగా వేసికొన్నాను. ఈ పాఠము ఆ ఆలస్యమును గురించినది.

కృతజ్ఞత అను మాటను మనము వందన సమర్పణ సభలలో వాడి వాడి అరగదీసినాము. ఒకసారి మాటను విడదీసి చూడుడు. కృతము అనగా చేయబడినది. జ్ఞుడు అనగా ఎరిగినవాడు. తన కొరకు చేయబడినదానిని ఎరిగియుండువాడే కృతజ్ఞుడు. దండము పెట్టుట, దండ వేయుట ఆ మాటలో ఎక్కడను లేవు. చరకసంహిత విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున రోగి బలమును పరీక్షించు సందర్భములో సత్త్వసారుని, అనగా గట్టి మనోబలము గలవాని, లక్షణములు వరుసగా చెప్పబడినవి. ఆ వరుసలో మొదటిది స్మృతి, రెండవది భక్తి, ఆ వెంటనే కృతజ్ఞత. ప్రజ్ఞ, శుచిత్వము, ఉత్సాహము, ధైర్యము ఆ తరువాత వచ్చును. ఆచార్యుడు కృతజ్ఞతను మర్యాదలలో గాక బలములలో లెక్కించినాడని పాఠకులు గమనింపగోరెదను. నాడిని చూచినట్లే, నాలుకను చూచినట్లే దీనిని కూడ చూడవలెను. స్మృతి ముందుండుటలోను అర్థమున్నది. జ్ఞాపకమే లేనివానికి ఎరుక ఎక్కడిది?

ఇక కాలము సంగతి. అష్టాంగహృదయ సూత్రస్థానము రెండవ అధ్యాయము దినచర్య. బ్రాహ్మీముహూర్తమున లేచుట మొదలుకొని దంతధావనము, అంజనము, అభ్యంగము, వ్యాయామము, స్నానము, నడవడి అన్నియు చెప్పి, అధ్యాయము ముగియబోవుచోట వాగ్భటుడు ఒక విచిత్రమైన మాట చేర్చినాడు. నా రాత్రింబవళ్ళు గడచిపోవుచున్నవి, అవి గడచుచుండగా నేను ఎట్టివాడనై ఉన్నాను అను విచారణను ఎల్లప్పుడు మనస్సునకు దగ్గరగా ఉంచుకొన్నవాడు దుఃఖమునకు లోబడడని దాని తాత్పర్యము. ఇచ్చటను పట్టుకొమ్మ స్మృతియే. కృతజ్ఞతకు ముందు చరకుడు నిలిపిన స్మృతినే వాగ్భటుడు కాలమునకు కాపలాగా పెట్టినాడు. ఈ రెండు వాక్యములను నేను వల్లించినది పందొమ్మిదవ ఏట. అవి ఒకే మాటయని తెలిసికొన్నది యాబది దాటిన తరువాత, భద్రాచలము అడవి అంచున.

పుస్తకములో లేని చెట్టు

మా గురువుగారిది ఖమ్మము వైపు ఒక పల్లె. ఆరేండ్లు వారి ఇంటనే ఉండి, తెల్లవారుజామున సంహిత వల్లించి, పగలు కల్వమున మందులు నూరి, రాత్రి వారి కాళ్ళొత్తుచు సందేహములు అడిగి చదువుకొన్నాను. 1979లో ఒక దినమున వారు నా చేతికి గోనెసంచి, కొడవలి, దారిఖర్చులకు కొంత పైకము ఇచ్చి, భద్రాచలమునకు అవతల కూనవరము దారిలో గల ఒక కోయగూడెమునకు పొమ్మన్నారు. "పుస్తకములో ఉన్నది నేను చెప్పినాను. చెట్టున ఉన్నది వారు చెప్పుదురు" అన్నారు.

గురువుగారి మాటకు ఆధారము చరకసంహిత మొదటి అధ్యాయముననే ఉన్నది. మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, గోపాలకులు, ఇంకను అడవిలో నివసించువారు ఓషధులను పేరుతోను రూపముతోను ఎరుగుదురని అక్కడ చెప్పబడినది. ఆ వెనువెంటనే, పేరు రూపము తెలిసినంత మాత్రమున ప్రయోగ రహస్యము తెలిసినట్లు కాదనియు ఉన్నది. మా వైద్యులు ఈ రెండవ వాక్యమును చక్కగా గుర్తుంచుకొని మొదటిదానిని మరచుచుందురు. నేనును అట్లే మరచినాను.

భద్రాచలము వెళ్ళిన భక్తులలో రామదాసును తలపనివారుండరు. పదునేడవ శతాబ్దమున కంచర్ల గోపన్న ఆలయము కట్టించినాడు, చెరలో బాధలు పడినాడు, కీర్తనలు పాడినాడు. కాని ఆ విగ్రహములను తొలుత అడవిలో కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండు నివేదించినది పోకల దమ్మక్క అను గిరిజన స్త్రీ అని స్థలపురాణము చెప్పుచున్నది. గుడి కట్టినవాని పేరు నిలిచినంతగా పందిరి వేసిన ఆమె పేరు మన నోట నిలువలేదు. వైద్యమునను ఇట్లే జరుగుచున్నది.

ఆ గూడెమున నాకు దారి చూపిన పెద్దాయనకు అప్పటికే యాబది దాటినవి. నేను తాతా అని పిలుచుట అలవాటు చేసికొన్నాను. ఆయన పేరు ఇచ్చట వ్రాయను. మొదటి దినముననే ఒక చెట్టును పందిరివలె అల్లుకొన్న తిప్పతీగ కనబడగా మొదలంట కోయబోయినాను. ఆయన వచ్చి నా మణికట్టు పట్టుకొన్నాడు. "అంతా కోస్తే మళ్ళా ఏడు ఏం కోస్తవు బాబూ? మొదలు ఇడిచిపెట్టు. పైనుంచి నీకు కావాల్సినంత తీస్కో" అన్నాడు. నాకు చిన్నతనమైనది. నాకున్న విద్యను చూపవలెనని ఓషధులను సేకరించు కాలమును గురించి చరక కల్పస్థానమున ఉన్న నియమమును అర్థముతో సహా అప్పజెప్పినాను. కొత్తగా వచ్చిన కొమ్మలు, ఆకులు వర్షర్తువునను వసంతమునను, వేళ్ళు గ్రీష్మముననో, ఆకు రాలి మరల మొలచు శిశిరముననో, బెరడు, దుంప, పాలు శరత్తున, చేవ హేమంతమున, పువ్వులు, పండ్లు వాని వాని ఋతువున గ్రహింపవలెను. ఆయన చుట్ట ఆరిపోవువరకు శ్రద్ధగా విని, "ఇది చెప్పటానికి పుస్తకం ఎందుకు?" అన్నాడు.

ఆ మాటలో ఎగతాళి లేదు. నిజముగానే ఆశ్చర్యపడినాడు. ఆ గూడెమున కాలము గోడమీద గడియారమున లేదు, చెట్లమీద ఉన్నది. చలికాలము నడుమ మొదలుకొని కరక్కాయ రాలుచుండును. పచ్చికాయను కఱ్ఱతో రాల్చరు, పసుపు తిరిగి దానంతట అది రాలినదానిని ఏరుదురు. ఎండలు ముదురగానే తునికాకు; లేతాకును కోసి యాబది ఆకులకొక కట్టగా కట్టి కల్లమున ఆరబెట్టుదురు, వాన పడకముందే ఆ పని ముగియవలెను. ఈ రెంటికి నడుమ ఇప్పపూవు. అది రాత్రి వేళను, తెల్లవారుజామునను రాలును. ఎండ ఎక్కకముందు, ఎలుగుబంటి రాకముందు చెట్టు క్రిందికి చేరవలెను. బ్రాహ్మీముహూర్తమున లేవండి, లేవండి అని పట్టణములలోని రోగులకు నలుబది ఏండ్లుగా బోధించుచున్నాను. లేచినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఇప్పపూవు ఏరు ఆడువారు ఎవరును బోధింపకనే గంప చంకన పెట్టుకొని ఆ వేళకు అడవిలో ఉండగా చూచినాను.

అంతకంటె నన్ను ఆశ్చర్యపరచినది కొత్తల పండుగ. పండుగను వారు పండుం అందురు. విత్తులు చల్లుటకు ముందు ఒక పండుం, కొత్త మామిడికాయకు ఒక పండుం, కొత్త చిక్కుడుకు ఒక పండుం. భూమికి, గూడెపు వేల్పునకు, గతించిన పెద్దలకు ముందు సమర్పించి, ఆ తరువాతనే కొత్తకాయను నోట పెట్టుదురు. పండుగ దినము ఊరంతయు కలిసి నిర్ణయించుకొందురు. అంతవరకు చెట్టున కాయ ఎంత ఊరించినను ముట్టరు. దీనిని మూఢాచారమని కొట్టివేయువారున్నారు. నాకు మాత్రము ఇందులో మంచి వైద్యశాస్త్రము కనబడుచున్నది. దండము పెట్టుటకు ఒక దినము ఏర్పరచుకొనుటవలన కాయకు ముదురుటకు వ్యవధి దొరకుచున్నది, విత్తనము చెట్టునకు మిగులుచున్నది. వర్తకుడు ముందుగా బేరమాడి తొందరపెట్టిన చోట కాయ పచ్చిగానే రాలును. తపసి చెట్టుకు లోతుగా గాటు పెట్టినచో జిగురు త్వరగా, ఎక్కువగా కారును; కొన్నాళ్ళకు చెట్టు చచ్చును. తీసికొనుటలోని తొందర, ఇచ్చినవానిని మరచుట ఒకే రోగపు రెండు లక్షణములని నాకు తోచును.

మృగశిర కార్తె

గురుకులము విడిచి ఖమ్మమున వైద్యము ప్రారంభించిన పిదప కూడ ఏటేట ఆ గూడెమునకు పోవుచుండెడివాడను. తాత నాకొరకు కరక్కాయలు, తానికాయలు, నేలవేము, మారేడు వేరు బెరడు, తిప్పతీగ సిద్ధము చేసి ఉంచెడివాడు. సుమారు అరువది మొక్కలను ఆయన చూపగా గుర్తించుట నేర్చినాను. వానిలో పెక్కింటిని గ్రంథములలోని వర్ణనతో సరిచూచుకొన్నది ఆ తరువాతనే.

ఒక ఏడు ఆయన ఇంకొక మొక్కను గురించి చెప్పినాడు. నేలలో దుంప ఉండును. తొలకరి పడగానే ఆకు ఇంకను రాకముందే పూవు నేలను చీల్చుకొని వచ్చును. పదునైదు దినములలో ఆ పూవు మాయమగును, ఆ తరువాత వచ్చు ఆకు గడ్డిలో కలిసి గుర్తుపట్టరాదు. బాలింతల నీరసమునకు తమ పెద్దలు దానిని వాడెడివారని చెప్పినాడు. "మిరుగు కార్తెకు రా బాబూ, చూపిస్త" అన్నాడు. అది నిజముగా పనిచేయునో లేదో నేను చెప్పజాలను, చూడలేదు గనుక.

మృగశిర కార్తె జూన్ నెల రెండవ వారము మొదలుకొని ఒక పక్షము మాత్రమే ఉండును. మొదటి ఏడు కుమారుని కళాశాల ప్రవేశము అడ్డు వచ్చినది. రెండవ ఏడు తొలకరి జ్వరములతో రోగులు క్రిక్కిరిసినారు. మూడవ ఏడు ఇంట వివాహము. నాలుగవ ఏడు ఏ అడ్డంకియు లేదు, కేవలము మరచినాను. తాత ఎక్కడికి పోవును, అడవి ఎక్కడికి పోవును అనుకొన్నాను. 2011లో ఒక సభలో నా వైద్యసేవలను మెచ్చి శాలువ కప్పినారు. తల్లిదండ్రులను, గురువుగారిని, ఇల్లాలిని తలచుకొని నాలుగు మాటలు చెప్పి దిగినాను. ఇంటికి వచ్చి శాలువ మడత పెట్టుచుండగా తాత గుర్తుకు వచ్చినాడు. అరువది మొక్కలు చూపినవాని పేరు ఆ నాలుగు మాటలలో లేదు. మరుసటి వారమే ఆ శాలువను సంచిలో పెట్టుకొని బయలుదేరినాను. ఆయన పోయి అప్పటికి రెండు నెలలైనది.

రామాయణమున సుగ్రీవుని వృత్తాంతము మీకు తెలియును. రాజ్యము దొరకిన పిదప సుగ్రీవుడు రామునికి ఇచ్చిన మాటను కాదనలేదు. వానకాలము గడచి శరత్తు వచ్చినది, ఆకాశము తేటపడినది, దారులు ఆరినవి, ఆయన మాత్రము అంతఃపురము విడిచి రాలేదు. హనుమంతుడు ముందే హెచ్చరించినాడు. కోపముతో వచ్చిన లక్ష్మణుడు, ఇతర పాపములకు ప్రాయశ్చిత్తములున్నవి గాని కృతఘ్నునకు లేదని నిష్ఠురముగా పలికినాడు. ఈ ఘట్టమును చిన్ననాటినుండి వినుచున్నాను. సుగ్రీవుని తప్పు మేలును మరచుట అని అనుకొనుచుంటిని. నిజమునకు అది ఋతువును దాటనిచ్చుట. ఆయనకు ద్వారమున లక్ష్మణుడు వచ్చి నిలిచినాడు గనుక సరిదిద్దుకొనుటకు అవకాశము చిక్కినది. మన ఇంటి వాకిట ఎవరును వచ్చి విల్లు మీటరు.

తూకము

తాత భార్య అప్పటికి బ్రతికియున్నది. శాలువ ఆమె చేతికిచ్చినాను. తీసికొని ప్రక్కన పెట్టినది. లోపలినుండి కరక్కాయల మూట తెచ్చి, "ముసలోడు పోకముందు ఏరినయ్. ఈసారి తూకం వేసి తీస్కో బాబూ. మొహమాటపడటానికి ఆయన లేడు గదా" అన్నది.

ముప్పది ఏండ్లు నేను ఆ ఇంట ఏదియు తూచి తీసికొనలేదు. పోవునప్పుడు బియ్యము, పొగాకు, పాత పంచెలు, పిల్లలకు బెల్లము తీసికొని పోయెడివాడను. అది స్నేహమని, బేరము కాదని సంతోషించుచుండెడివాడను. ఆ తల్లి మాట విన్న పిదప ఖమ్మము వచ్చి పాత చిట్టాలు తీసి లెక్కవేసినాను. అమ్మిన చూర్ణముల ధరకును, ఇచ్చిన బియ్యము పొగాకు ధరకును పొంతన లేదు. ఆయన అడుగలేదు గనుక నేను ఇవ్వలేదు. ఇది దొంగతనమని ఎవరును అనలేదు, ఇప్పటికిని అనరు. కాని కృతజ్ఞుడు అను మాటకు చేయబడినదానిని ఎరిగినవాడు అని గదా అర్థము చెప్పుకొన్నాము. ఎంత చేయబడినదో తూచనివాడు ఎరిగినట్లు ఎట్లగును?

ఈ విషయమున పెద్ద ఎత్తున జరిగిన ఒక మంచి ప్రయత్నమును ఇచ్చట చెప్పవలెను. 1987లో కేరళలోని అగస్త్యమలలో వృక్షశాస్త్రజ్ఞులు కొందరు దారి చూపుటకు కాణి తెగ యువకులను వెంట తీసికొని పోయినారు. ఎక్కుడు దారిలో శాస్త్రజ్ఞులు అలసి కూలబడుచుండగా ఆ యువకులు ఏదో చిన్నకాయను నములుచు హాయిగా నడచినారు. మొదట చెప్పుటకు ఇష్టపడక, బతిమాలగా చూపిన ఆ మొక్కయే ఆరోగ్యపచ్చ. పాలోడులోని పరిశోధన సంస్థ దాని ఆధారముగా జీవని అను మందును రూపొందించి, 1995లో ఒక ఆయుర్వేద ఔషధశాలకు తయారీ హక్కు నిచ్చినది. అందుకు వచ్చిన 10 లక్షల రూపాయలలోను, అమ్మకముపై రావలసిన రాయల్టీలోను సగము కాణివారికని నిర్ణయించినారు. 1997లో వారి పేరిట ఒక ట్రస్టు ఏర్పడినది. ఆ ఏర్పాటులో లోటుపాట్లు లేకపోలేదు, మొక్క దొరకుటలో చిక్కులు వచ్చినవి, తగవులును వచ్చినవి. అయినను చెప్పినవానికి సగము అని కాగితముపై వ్రాసినవారు మన దేశమున అంతకుముందు ఎందరున్నారు?

2002 నాటి జీవవైవిధ్య చట్టము ఇట్టి లాభపు పంపకమును ఒక నియమముగా చేసినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలసాయముపై అడవిలో ఉన్నవారికే యాజమాన్యమును ఒప్పుకొన్నది. 2023లో జీవవైవిధ్య చట్టమును సవరించినప్పుడు, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానమునకును, నాబోటి వైద్యులకును మినహాయింపులు విస్తరించినారు. నా తోటి వైద్యులు కొందరు దీనికి సంతోషించినారు. వ్రాతకోతల బాధ తప్పినదని నాకును కొంత ఊరటయే కలిగినది. చిన్న వైద్యుడు కచ్చేరీల చుట్టు తిరుగలేడు. కాని చట్టము వదలిన అప్పు నా చిట్టాలో అట్లే ఉన్నది.

మీ ఇంట

ఇదంతయు వైద్యునికి వర్తించునది, మాకేమి అని గృహిణులు అనుకొనరాదు. చేయబడినదానిని ఎరుగుట మీ ఆరోగ్యమునకే అవసరమని చెప్పుటకు ఒక ఉదాహరణ చాలును. చిల్లగింజ అను ఇండుపగింజను మీలో పెద్దవారు ఎరుగుదురు. గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు ఆ గింజను కుండ లోపలివైపు అరగదీసి నీరు పోసినచో మడ్డి అడుగునకు దిగి పైనీరు తేటపడును. సుశ్రుతుడు కలుషజలమును తేటపరచుటకు చెప్పిన ఏడు వస్తువులలో మొదటిది ఇదియే. తేటపడిన నీరు శుద్ధమైన నీరు కాదు, దానిని తరువాత కాచి చల్లార్చియే త్రాగవలెను. ఈ చిల్లచెట్టుకు ముష్టిచెట్టు దగ్గరి చుట్టము, అదే అడవిలో పెరుగును. ముష్టిగింజ బొత్తామువలె చదునుగా, బూడిదవన్నెతో, పట్టువలె నునుపైన నూగుతో ఉండును, అది విషము. వైద్యుడు శోధించి ఇచ్చినదానిని తప్ప ఎవరును ముట్టరాదు. ఏరిన చేయి ఎవరిదో తెలిసినచోట ఈ రెంటికి పొరపాటు రాదు. నాలుగు చేతులు మారిన సంచిలో ఏమున్నదో చెప్పుట కష్టము. కనుక మూలికలు కొనునప్పుడు ధర తరువాత అడుగుడు. ఎక్కడినుండి వచ్చినది, ఏ నెలలో ఏరినది అని ముందు అడుగుడు. చెప్పలేని దుకాణము కంటె చెప్పగల దుకాణము, గిరిజన సహకార సంస్థల అంగడి మేలు.

కరక్కాయకును కాలమున్నది. భావప్రకాశము ఋతువునకు తగిన అనుపానమును చెప్పినది. వర్షర్తువున సైంధవలవణముతో, శరత్తున పంచదారతో, హేమంతమున శొంఠితో, శిశిరమున పిప్పలితో, వసంతమున తేనెతో, గ్రీష్మమున బెల్లముతో. రాత్రి పడుకొనునప్పుడు అర చెంచా చూర్ణము పెద్దలకు సాధారణముగా సరిపోవును. గర్భిణులు, మిక్కిలి చిక్కినవారు, ఉపవాసములతో నీరసించినవారు, పిత్తము ప్రకోపించినవారు సేవింపరాదు. నిత్యము ఇతర మందులు వాడువారు తమ వైద్యుని అడిగియే మొదలుపెట్టవలెను.

ఆ చూర్ణమును చేత పట్టుకొన్న అర ఘడియను వాగ్భటుని ప్రశ్నకు కేటాయింపుడు. ఈ దినము ఎట్లు గడచినది అని ఊరక అడిగికొన్నచో మనస్సు చేయని పనుల పట్టికను విప్పి కూర్చుండును, నిద్ర చెడును. నేను రోగులకు చెప్పు పద్ధతి వేరు. ఈ దినమున నాకు ఉపయోగపడిన ఒక వస్తువును తీసికొని అది వచ్చిన చేతులను ఒక్కొక్కటిగా వెనుకకు లెక్కింపుడు. ఎక్కడ చేయి తెలియకపోవునో అక్కడ ఆగుడు. ఆ తెలియనిచోటు రేపటి పని. ఇంకను బ్రతికియున్నవారిలో ఎవరికైనను బాకీ ఉన్నట్లు తోచినచో వారి పేరు వ్రాసి, ప్రక్కన పోవలసిన తేదీని కూడ వ్రాయుడు. తేదీ లేని పేరు వ్రాయుట నిష్ప్రయోజనము. నేను తాత పేరును తేదీ లేకుండ నాలుగేండ్లు మోసినాను.

నిద్రపట్టదని నావద్దకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఈ పద్ధతిని పట్టి, బాల్యమున తనను వాగు దాటించి బడికి చేర్చిన పాలేరును వెదకికొనుచు పోయినాడు. ఆయన బ్రతికియే ఉన్నాడు, చెవులు మాత్రము వినబడవు. ఇద్దరును మాటలు లేకయే ఒక పూట కూర్చుండి వచ్చినారట. నిద్ర బాగుపడినదా అని మీరు అడుగుదురు. కొంత బాగుపడినది. ఆయన రాత్రి కాఫీని కూడ ఆ నెలలోనే మానినాడు గనుక ఏది పనిచేసినదో నేను తేల్చి చెప్పలేను.

2022 జూలై 16న భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురని తెలిసినవారికి ఆ అంకె అర్థమగును. 1986 ఆగస్టు 16 నాటి 75.6 అడుగుల తరువాత నేను చూచిన పెద్దనీరు అదియే. తాత ఊరు నేను తొలుత పోయినప్పుడు ఖమ్మము జిల్లాలోనిది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినది. 2022లో మరొక కొత్త జిల్లాలో కలిసినది. ఊరు మాత్రము కదలలేదు, కదలినది మనుష్యులు. పోలవరము ముంపు కారణముగా పెక్కు కుటుంబములు కాలనీలకు తరలినవి. తాత కుమార్తె ఇప్పుడు అట్టి కాలనీలో సిమెంటు ఇంట నివసించుచున్నది. ఇప్పచెట్టు చూడవలెనన్నచో ఆమె ఆటో ఎక్కవలెను.

నెలకొక ఆదివారము నేను అక్కడికి పోవుచున్నాను. ఆమె వయస్సు ఇంచుమించు నా వయస్సే, నన్ను అన్నా అని పిలుచును. తండ్రి వెంట తిరిగి నేర్చిన మొక్కలను కోయ పేరుతో, తెలుగు పేరుతో, ఏ కార్తెలో ఏమి తీయవలెనో చెప్పును. నేను వ్రాసికొని ఆమెకు చదివి వినిపింతును. నా ఉచ్చారణకు ఆమె మనుమరాలు నవ్వును. ఒక ప్రతి నావద్ద, ఒక ప్రతి ఆ పిల్ల వద్ద ఉండును. ఆమె పూటకు డబ్బు ఇచ్చెదనన్నప్పుడు మొదట నవ్వి, తరువాత ఆలోచించి, "రోజు కూలీ ఎంతో అంత ఇయ్యి" అన్నది. ఇచ్చుచున్నాను. ఇప్పటికి నలుబది మొక్కలకు పైగా వ్రాసినాము, అందు పదునాలుగు తాత నాకు ఎన్నడును చూపనివి.

మొన్నటి ఆదివారము మృగశిర కార్తె పూవును గురించి అడిగినాను. నేలలో దుంప, ఆకు రాకముందే పూవు, బాలింతలకు మందు అని గుర్తులన్నియు చెప్పినాను. ఆమె చాలసేపు ఆలోచించినది. ప్రక్క ఇంటి ముసలమ్మను పిలిచి కోయభాషలో అడిగినది. ఇద్దరును తల అడ్డముగా ఊపినారు.

"అది మా అయ్యకే తెలుసు అన్నా" అన్నది. "మాకెప్పుడూ చూపలే. ఆ వైద్యుడు వస్తడు, ఆయనకు చూపిస్తే పుస్తకంలో ఎక్కిస్తడు అని, మిరుగు కార్తె వచ్చినప్పుడల్లా బస్సు దిక్కు చూసేటోడు."